లక్షణం, నిదానం, చికిత్స: క్వాంటమ్ దోషసవరణలో యంత్రాభ్యసనం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

క్వాంటమ్ కంప్యూటర్లలో తలెత్తే దోషాలను కృత్రిమ మేధ సరిదిద్దుతుందన్న మాట ఇటీవల విరివిగా వినిపిస్తోంది. ఈ మాటలో నిజమెంత, అతిశయమెంత అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 2024 నవంబరులో 'నేచర్' పత్రికలో వెలువడిన 'ఆల్ఫాక్యూబిట్' పరిశోధనను ప్రధానంగా తీసుకొని దాని సాధనను, పరిమితులను తూచి చూస్తుంది. వైద్యశాస్త్రంలోని లక్షణం, నిదానం, చికిత్స అనే విభజనతో చూసినప్పుడు యంత్రాభ్యసనం చేసేది నిదానమే గాని చికిత్స కాదని ప్రతిపాదిస్తుంది. నిదానానికి క్వాంటమ్ యంత్రం చేతిలో ఉండనవసరం లేదు. అందువల్ల నిర్మల్ జిల్లా బాసర వంటి చోట్ల ఉన్న విద్యాసంస్థలకు కూడా ఈ రంగంలో ప్రవేశం సాధ్యమేనని ప్రతిపాదించి, ఆ ప్రవేశానికి గల హద్దులను గుర్తిస్తుంది.

కీలకపదాలు: క్వాంటమ్ కంప్యూటర్, దోషసవరణ, యంత్రాభ్యసనం, డీకోడర్, సర్ఫేస్ కోడ్, ఆల్ఫాక్యూబిట్, నిదానం, బాసర.

1. ప్రవేశిక

కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్ 19న 6,003.65 కోట్ల రూపాయల వ్యయంతో జాతీయ క్వాంటమ్ మిషన్‌ను ఆమోదించింది. ఎనిమిదేళ్లలో 50 నుంచి 1000 వరకు భౌతిక క్యూబిట్లు గల కంప్యూటర్లను రూపొందించడం ఆ మిషన్ లక్ష్యాలలో ఒకటి. 2025 మే నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీ సంస్థలతో కలిసి అమరావతిలో క్వాంటమ్ వ్యాలీని నెలకొల్పనున్నట్లు ప్రకటించింది. 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్ గల ఐబీఎం క్వాంటమ్ సిస్టమ్ టూ అక్కడ ఏర్పాటవుతుందని ఆ ప్రకటన తెలిపింది. అప్పటినుంచి క్యూబిట్ అన్న మాట తెలుగువారి సామాన్య వ్యవహారంలోకి రావడం మొదలైంది. అయితే యంత్రంలో ఎన్ని క్యూబిట్లున్నాయన్న ప్రశ్నకు దక్కిన ప్రాధాన్యం, ఆ క్యూబిట్లు ఎంత తరచుగా తప్పుతాయన్న ప్రశ్నకు దక్కలేదు. క్వాంటమ్ గణనకు అసలు అడ్డంకి ఈ రెండవ ప్రశ్నలోనే ఉంది.

గోదావరి తీరాన ఉన్న బాసరలో 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం నేడు నిర్మల్ జిల్లాలో ఉంది. గ్రామీణ విద్యార్థులకు సాంకేతిక విద్యను అందించాలన్నది దాని స్థాపనలోని ఉద్దేశం. ఇటువంటి సంస్థలో చదివే విద్యార్థికి క్వాంటమ్ యంత్రం ఎక్కడో దూరాన ఉండే వస్తువు. యంత్రం లేనివారికి ఆ శాస్త్రంలో పాత్ర ఉంటుందా? ఉంటే అది ప్రేక్షకుని పాత్రా, పరిశోధకుని పాత్రా? దోషసవరణలో యంత్రాభ్యసనం నిజంగా ఏ పని చేస్తుందో తేల్చుకుంటే తప్ప ఈ ప్రశ్నకు సమాధానం దొరకదు.

2. క్వాంటమ్ దోషం స్వభావం

సాధారణ కంప్యూటర్‌లో బిట్ విలువ 0 గాని 1 గాని అవుతుంది. దానిలో దోషం అంటే 0 కాస్తా 1 కావడం, లేదా 1 కాస్తా 0 కావడం. క్యూబిట్ ఈ రెండు స్థితుల సమ్మేళనంలో ఉండగలదు. అందువల్ల దానికి విలువ తారుమారయ్యే దోషంతోపాటు, సమ్మేళనంలోని రెండు స్థితుల మధ్య ఉన్న దశాసంబంధం తారుమారయ్యే దోషం కూడా ఉంటుంది. ఈ రెండూ ఒకేసారి కూడా సంభవించవచ్చు. ఉష్ణం, విద్యుదయస్కాంత అలజడి, పొరుగు క్యూబిట్ల ప్రభావం, నియంత్రణ సంకేతాల్లోని స్వల్పమైన తేడా – వీటిలో ఏదైనా దోషానికి కారణం కావచ్చు.

దోషాన్ని పట్టుకోవడంలో మరొక చిక్కు ఉంది. నిర్మల్‌లో పొనికి కర్రతో బొమ్మ చేసే కళాకారుడు తన పనిని నమూనా బొమ్మతో పోల్చి సరిచూసుకోగలడు. క్యూబిట్‌కు అటువంటి నమూనా ఉండదు. తెలియని క్వాంటమ్ స్థితికి నకలు తీయడం సాధ్యం కాదని 1982లోనే వూటర్స్, జూరెక్‌లు ఒకవైపు, డీక్స్ మరొకవైపు నిరూపించారు. పోనీ క్యూబిట్‌నే నేరుగా కొలిచి చూద్దామంటే, కొలవగానే సమ్మేళన స్థితి చెదిరిపోతుంది. నకలు తీయరాదు, నేరుగా చూడరాదు, అయినా దోషాన్ని గుర్తించాలి. ఇది అసాధ్యమని చాలామంది భావిస్తున్న కాలంలో, 1995లో పీటర్ షోర్ ఒక క్యూబిట్ సమాచారాన్ని తొమ్మిది క్యూబిట్లలో పరచి దోషాన్ని సవరించే మార్గం చూపాడు. 1997లో అలెక్సీ కితాయెవ్ ప్రతిపాదించిన టోరిక్ కోడ్ నుంచి నేటి సర్ఫేస్ కోడ్ వికసించింది.

సర్ఫేస్ కోడ్‌లో క్యూబిట్లు రెండు రకాలు. కొన్ని సమాచారాన్ని మోస్తాయి. మిగిలినవి పొరుగున ఉన్న సమాచార క్యూబిట్ల మధ్య పొందిక నిలిచి ఉందో లేదో మాత్రమే పరీక్షిస్తాయి. సమాచారం ఏమిటో ఈ పరీక్షలకు తెలియదు, పొందిక చెడిన చోటు మాత్రమే తెలుస్తుంది. కోడ్ బలాన్ని 'దూరం' అనే సంఖ్యతో సూచిస్తారు. దూరం 3 అయితే 9 సమాచార క్యూబిట్లు, 8 పరీక్ష క్యూబిట్లు. దూరం 5 అయితే 25, 24. దూరం 7 అయితే 49, 48. ఇన్ని భౌతిక క్యూబిట్లు కలిసి ఒకే ఒక్క తార్కిక క్యూబిట్‌ను కాపాడతాయి.

3. లక్షణం నుంచి నిదానానికి

పొందిక పరీక్షల ఫలితాల సముదాయాన్ని 'సిండ్రోమ్' అంటారు. ఇది వైద్య పరిభాష నుంచి వచ్చిన మాట, రోగంలో కలిసి కనిపించే లక్షణాల సమూహం అని దాని అర్థం. ఈ పదాన్ని ఆధారంగా తీసుకుంటే తెలుగులో మొత్తం ప్రక్రియకు స్పష్టమైన పరిభాష అమరుతుంది. సిండ్రోమ్ లక్షణం. ఆ లక్షణాలను చూసి ఏ దోషం జరిగిందో నిర్ణయించడం నిదానం, ఇది డీకోడర్ పని. ఆ నిర్ణయాన్నిబట్టి దోషాన్ని రద్దు చేయడం చికిత్స. మాధవకరుని ప్రసిద్ధ వైద్యగ్రంథం 'మాధవనిదానం' రోగనిర్ణయానికే పరిమితమై చికిత్స జోలికి పోదు. నిదానం స్వతంత్ర శాస్త్రంగా నిలవగలదన్న గుర్తింపు భారతీయ వైద్య సంప్రదాయానికి కొత్త కాదు. ఈ పోలిక పరిభాష వరకే చెల్లుతుంది. క్వాంటమ్ దోషాలను త్రిదోషాలతో ముడిపెట్టి ప్రాచీనులకు ఈ శాస్త్రం తెలుసునని చెప్పడానికి ఇందులో ఎటువంటి ఆధారమూ లేదు.

నిదానంలోని కష్టాన్ని ఒక చిన్న ఉదాహరణతో గ్రహించవచ్చు. వరుసగా మూడు క్యూబిట్లు ఉన్నాయనుకుందాం. ఒకటి, రెండు క్యూబిట్ల మధ్య ఒక పరీక్ష, రెండు, మూడు క్యూబిట్ల మధ్య మరొక పరీక్ష జరుగుతాయి. మొదటి పరీక్ష పొందిక చెడిందని, రెండవది అంతా సవ్యంగా ఉందని చెప్పింది. దీనికి రెండు వివరణలు సాధ్యం: మొదటి క్యూబిట్ ఒక్కటే తప్పి ఉండాలి, లేదా రెండు, మూడు క్యూబిట్లు రెండూ కలిసి తప్పి ఉండాలి. లక్షణం ఒకటే, కారణాలు రెండు. ఒక్కో క్యూబిట్ తప్పే అవకాశం నూటికి ఒకటి అయి, దోషాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే మొదటి వివరణకు 99 పాళ్లు, రెండవదానికి 1 పాలు బలం ఉంటుంది. తీర్పు సులభం.

కాని ఆ యంత్రంలో రెండు, మూడు క్యూబిట్ల మధ్య విద్యుత్ ప్రభావం ఒకదాని నుంచి మరొకదానికి పాకుతూ, అవి నూటికి రెండుసార్లు జంటగా తప్పుతాయనుకుందాం. అప్పుడు రెండవ వివరణకే ఎక్కువ బలం వస్తుంది. లక్షణం మారలేదు, పరీక్షలు మారలేదు, అయినా సరైన నిదానం తలకిందులైంది. ఒక యంత్రం ఏ తీరున తప్పుతుందో తెలియకుండా దాని దోషాలను సరిగా నిర్ణయించలేమన్నదే ఇక్కడ గ్రహించవలసిన విషయం. పైగా పరీక్ష క్యూబిట్లు కూడా క్యూబిట్లే. అవీ తప్పుతాయి. అందుకే ఒకే పరీక్షను మళ్లీ మళ్లీ జరిపి, కాలక్రమంలో లక్షణాలు మారిన తీరును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

4. సంప్రదాయ నిదాన పద్ధతి

దశాబ్దాలుగా ఆధిక్యం వహించిన పద్ధతి జోడింపు. పొందిక చెడిన చోట్లను బిందువులుగా భావించి, మొత్తం భారం కనిష్ఠమయ్యేలా వాటిని జంటలుగా కలపడం ఇందులోని సూత్రం. దీనికి ఆధారమైన గణిత పద్ధతిని జాక్ ఎడ్మండ్స్ 1965లో, క్వాంటమ్ కంప్యూటర్ల ఊసు లేని కాలంలో, రూపొందించాడు. జోడింపు పద్ధతికి రెండు గుణాలున్నాయి. అది వేగవంతమైనది. అది ఇచ్చిన తీర్పుకు కారణం చూపగలదు, ఏ బిందువును ఏ బిందువుతో కలిపిందో, ఎందుకు కలిపిందో అడుగడుగునా పరిశీలించవచ్చు.

దాని బలహీనత మౌలికమైన ఊహలో ఉంది. సరళమైన రూపంలో అది దోషాలు పరస్పర సంబంధం లేనివని భావిస్తుంది. వాస్తవ యంత్రాల్లో విలువదోషం, దశాదోషం ఒకేసారి వస్తాయి. ఒక క్యూబిట్ ప్రభావం పొరుగుదానిపై పడుతుంది. క్యూబిట్ తన రెండు స్థితులను దాటి మూడవ శక్తిస్థాయికి జారిపోవడమూ ఉంది. ఈ సంబంధాలను కొంతవరకు లెక్కించే సవరించిన జోడింపు పద్ధతులు, టెన్సర్ నెట్‌వర్క్ పద్ధతులు వచ్చాయి. టెన్సర్ నెట్‌వర్క్‌లు ఎంతో కచ్చితమైనవే కాని, కోడ్ పెరిగేకొద్దీ వాటి గణన భారం భరించరానిదవుతుంది. యంత్రాభ్యసనం ప్రవేశించినది ఈ సందులోనే. యంత్రం తప్పే తీరును మనిషి సూత్రీకరించి ఇవ్వడానికి బదులు, ఆ యంత్రం ఇచ్చిన దత్తాంశం నుంచే డీకోడర్ దాన్ని నేర్చుకోవాలన్నది ఈ మార్గంలోని ఆలోచన. 2017లో టొర్లాయ్, మెల్కోల న్యూరల్ డీకోడర్ ఈ దిశలో తొలి ప్రయత్నాలలో ఒకటి.

5. ఆల్ఫాక్యూబిట్ సాధించినది

గూగుల్ డీప్‌మైండ్, గూగుల్ క్వాంటమ్ ఏఐ బృందాలు కలిసి రూపొందించిన ఆల్ఫాక్యూబిట్ ఈ మార్గంలో ఇప్పటికి ఎక్కువగా చర్చకు వచ్చిన పరిశోధన. భాషా నమూనాల వెనుక ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ నిర్మాణమే దీనికీ ఆధారం. ప్రతి ఆవృత్తిలో వచ్చే పరీక్ష ఫలితాలను చదువుకుంటూ, అంతరంగంలో ఒక స్థితిని నిలుపుకొంటూ, చివరికి తార్కిక క్యూబిట్ విలువ తారుమారయిందా లేదా అన్న తీర్పును సంభావ్యతతో సహా చెబుతుంది.

దీని శిక్షణ రెండు దశల్లో సాగింది. మొదట కృత్రిమంగా సృష్టించిన కోట్లాది ఉదాహరణలతో సామాన్య శిక్షణ. తరువాత సికమోర్ అనే నిజమైన ప్రాసెసర్ నుంచి వచ్చిన వేల నమూనాలతో ప్రత్యేక శిక్షణ. వైద్య విద్యార్థి ముందు పుస్తకం చదివి, తరువాత వార్డుకు వెళ్లే క్రమం వంటిదిది. ఆ పరిశోధనలోని అత్యంత విలువైన అంశం ఈ రెండు దశల కూర్పే. నిజమైన యంత్రం నుంచి దత్తాంశం తక్కువగా దొరుకుతుంది, కృత్రిమ దత్తాంశం ఎంతైనా దొరుకుతుంది. ఒకదాని లోటును మరొకటి పూడ్చింది.

ఫలితాలు ఇవి. సికమోర్ దత్తాంశంపై దూరం 5 కోడ్‌కు ఒక్కో ఆవృత్తిలో తార్కిక దోషం టెన్సర్ నెట్‌వర్క్‌తో సుమారు 2.91 శాతం కాగా, ఆల్ఫాక్యూబిట్‌తో సుమారు 2.75 శాతం. అంటే దోషాలు దాదాపు 6 శాతం తగ్గాయి. సవరించిన జోడింపు పద్ధతితో పోలిస్తే తగ్గుదల 30 శాతం. అనుకరణలో దూరం 11 వరకు, అంటే 241 క్యూబిట్ల వరకు పరీక్షించారు. 25 ఆవృత్తుల వరకు ఉన్న నమూనాలతో నేర్చుకున్న డీకోడర్ అనుకరణలో 1,00,000 ఆవృత్తుల వరకు పనితీరు నిలుపుకొంది. నేర్చుకున్నది ఉదాహరణలను కాదు, వాటి వెనుక ఉన్న క్రమాన్ని అనడానికి ఇది గట్టి ఆధారం.

6. విమర్శ

6.1 ఆరు శాతం విలువ: అంకెలను సందర్భంలో పెట్టి చూడాలి. సికమోర్‌పై అదే డీకోడర్‌తో దూరం 3 కోడ్‌కు దోషం సుమారు 2.90 శాతం, దూరం 5 కోడ్‌కు 2.75 శాతం. క్యూబిట్లు 17 నుంచి 49కి పెరిగితే దక్కిన మేలు అంతే. యంత్రమే బలహీనంగా ఉన్నప్పుడు ఎంత నేర్పరి అయిన వైద్యుడు చేసిన నిదానమైనా ఒక హద్దు దాటి మేలు చేయలేదు. అదే సంవత్సరం డిసెంబరులో 105 క్యూబిట్ల విల్లో ప్రాసెసర్ ఫలితాలు వెలువడ్డాయి. అందులో న్యూరల్ డీకోడర్‌తో దూరం 7 కోడ్‌కు ఆవృత్తికి దోషం 0.143 శాతం. దూరం రెండేసి పెరిగినప్పుడల్లా దోషం 2.14 వంతున తగ్గింది. ఈ లెక్కన దూరం 5 వద్ద దోషం సుమారు 0.3 శాతం అవుతుంది. సికమోర్ వద్ద 2.75 ఉన్నది విల్లో వద్ద 0.3కు దిగింది, అంటే దాదాపు తొమ్మిదవ వంతుకు. రెండు చోట్లా డీకోడర్ న్యూరల్ జాతికి చెందినదే. కనుక ఈ తేడాలో అధికభాగం చిప్ మెరుగుపడటం వల్ల వచ్చినదే. తప్పును దిద్దడంకంటే తప్పు జరగకుండా చూడటమే ఇప్పటికీ పెద్ద పని.

అలాగని నిదానాన్ని చిన్నచూపు చూడరాదు. విల్లోపైనే మెరుగుపరచిన జోడింపు పద్ధతితో తగ్గుదల రేటు 2.04, న్యూరల్ డీకోడర్‌తో 2.14. తేడా చిన్నదే. కాని దోషాన్ని పది లక్షలకు ఒకటి స్థాయికి తేవాలంటే దూరం 27 గల కోడ్, 1457 భౌతిక క్యూబిట్లు కావాలని ఆ పరిశోధకుల అంచనా. దూరం 7 నుంచి 27 వరకు పది మెట్లు. ఆ చిన్న తేడా పదిసార్లు గుణించుకుంటే 1.6 రెట్లకు చేరుతుంది. ఆ మేరకు తక్కువ క్యూబిట్లతో అదే లక్ష్యాన్ని అందుకోవచ్చు. కాబట్టి ఆరు శాతం అన్నది విప్లవమూ కాదు, వృథా కూడా కాదు. కోడ్ పెరిగేకొద్దీ పెరిగే వడ్డీ వంటిది.

6.2 వేగం: నిత్యవ్యవహారంలో 'నిదానం' అంటే నెమ్మది అని అర్థం. క్వాంటమ్ దోషసవరణలో నిదానం నిదానంగా సాగితే ప్రయోజనం ఉండదు. సూపర్‌కండక్టింగ్ ప్రాసెసర్‌లో ఒక్కో ఆవృత్తి సుమారు ఒక మైక్రోసెకనులో ముగుస్తుంది. సెకనుకు పది లక్షల విడతల లక్షణాలు వచ్చిపడుతుంటాయి. వాటిని వచ్చినంత వేగంగా పరిశీలించలేకపోతే అవి పేరుకుపోతాయి. 2022 జూలైలో నిర్మల్ జిల్లాలోని కడెం ప్రాజెక్టుకు, గేట్లు వదలగల నీటికంటే ఎక్కువ వరద వచ్చినప్పటి పరిస్థితి జిల్లావాసులకు గుర్తే. రాక పోకను మించితే జలాశయం ఎంత పెద్దదన్నది ప్రశ్న కాదు, ఎంతసేపు నిలుస్తుందన్నదే ప్రశ్న. డీకోడర్ విషయమూ ఇంతే. గణనలోని కొన్ని మెట్లు అంతకుముందు వచ్చిన నిదానంపై ఆధారపడతాయి. వెనుకబడిన డీకోడర్ కోసం ప్రాసెసర్ ఆగితే, ఆగినంతసేపూ కొత్త దోషాలు పుడుతూనే ఉంటాయి.

2024 నాటి ఆల్ఫాక్యూబిట్ ఈ వేగాన్ని అందుకోలేదని దాని రూపకర్తలే అంగీకరించారు. పైన పేర్కొన్న ఫలితాలన్నీ ప్రయోగం ముగిసిన తరువాత, నమోదైన దత్తాంశంపై తీరికగా చేసిన నిదానాలు. విల్లో పరిశోధనలో నిజకాలంలో పనిచేసిన డీకోడర్ న్యూరల్ నెట్‌వర్క్ కాదు, జోడింపు పద్ధతికి చెందినది. దూరం 5 కోడ్‌పై, 1.1 మైక్రోసెకన్ల ఆవృత్తితో వచ్చే దత్తాంశానికి వెనుకబడకుండా, సగటున 63 మైక్రోసెకన్ల ఆలస్యంతో అది తీర్పునిచ్చింది. 2025 నవంబరులో ఐబీఎం మరొక రకం కోడ్‌కు 480 నానోసెకన్ల లోపు నిజకాల నిదానం సాధించినట్లు ప్రకటించింది. దాని వెనుక ఉన్నది కూడా శిక్షణ పొందిన న్యూరల్ నెట్‌వర్క్ కాదు, సంభావ్యతలను పొరుగు నుంచి పొరుగుకు పంపే పద్ధతికి మెరుగైన రూపం. వేగవంతమైన న్యూరల్ డీకోడర్లపై కృషి సాగుతూనే ఉంది. అయితే దోషసవరణ భవిష్యత్తు యంత్రాభ్యసనం ఒక్కదానిదే అన్న ధోరణికి ఈ రెండు ఉదాహరణలూ అడ్డుకట్ట వేస్తాయి.

6.3 సంప్రాప్తి లేని నిదానం: ఆయుర్వేదం రోగజ్ఞానానికి నిదానపంచకాన్ని చెప్పింది: నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి. వీటిలో సంప్రాప్తి అంటే రోగం ఏ క్రమంలో పుట్టి పెరిగిందో తెలపడం. న్యూరల్ డీకోడర్ తీర్పు చెబుతుంది, సంప్రాప్తి చెప్పదు. తార్కిక క్యూబిట్ తారుమారయిందని అది నూటికి ఎనభై పాళ్ల నమ్మకంతో చెప్పగలదు. ఏ క్యూబిట్ల మధ్య ఏ సంబంధం వల్ల అలా జరిగిందో విడమరచి చెప్పలేదు. నమ్మకం ఎంతో చెప్పడం నిజంగా విలువైన గుణమే, సందేహాస్పదమైన ఫలితాలను పక్కన పెట్టడానికి అది పనికివస్తుంది. కాని యంత్రాన్ని బాగుచేయవలసిన ఇంజినీరుకు కావలసినది సంప్రాప్తి. రెండు, మూడు క్యూబిట్లు జంటగా తప్పుతున్నాయని తెలిస్తే అతడు వాటి మధ్య తీగను సవరిస్తాడు. ఆ జ్ఞానం నెట్‌వర్క్ లోపలి సంఖ్యల్లో పూడుకుపోతే డీకోడర్ మెరుగవుతుంది, చిప్ మెరుగుపడదు.

దీనికి తోడు యంత్రం స్వభావం స్థిరమైనది కాదు. క్యూబిట్ల గుణాలు కాలంతో మారుతుంటాయి. నిన్నటి దత్తాంశంతో నేర్చుకున్న డీకోడర్‌కు నేటి యంత్రం కొంత కొత్తదే. ఎంత తరచుగా మళ్లీ శిక్షణ ఇవ్వాలి, ఎంత తక్కువ దత్తాంశంతో ఇవ్వవచ్చు అన్నవి కచ్చితత్వపు అంకెలంత ముఖ్యమైన ప్రశ్నలు.

6.4 'సవరణ' అన్న మాట: డీకోడర్ ఏ క్యూబిట్‌నూ తాకదు. చాలా సందర్భాల్లో చికిత్స కూడా క్యూబిట్‌పై జరగదు, ఫలానా క్యూబిట్ తారుమారయిందని లెక్కలో గుర్తుంచుకొని, తుది ఫలితాన్ని చదివేటప్పుడు ఆ మేరకు మార్చి చదువుతారు. కృత్రిమ మేధ దోషాలను దిద్దుతుందని చెప్పినప్పుడు కోడ్ నిర్మాణం, చిప్ నాణ్యత, పరీక్షల కచ్చితత్వం అనే మూడింటి ఘనత నాలుగవదానికి జమ అవుతుంది. ఇది మాటల పట్టింపు కాదు. ఏ పనికి నిధులు, మనుషులు, పాఠ్యాంశాలు కేటాయించాలన్న నిర్ణయాలు ఈ మాటలను అనుసరించే సాగుతాయి.

7. అమరావతి ప్రకటన వెలుగులో

అమరావతికి ప్రకటించిన హెరాన్ వంటి ప్రాసెసర్లలో నేడు విరివిగా వాడేది దోషసవరణ కాదు, దోష ఉపశమనం. ఒకే గణనను అనేకసార్లు జరిపి, అలజడి ప్రభావాన్ని అంచనా వేసి, తుది సగటు నుంచి దాన్ని తీసివేయడం ఉపశమనం. గణన జరుగుతుండగానే దోషాన్ని కనిపెట్టి రద్దు చేయడం సవరణ. జ్వరానికి తడిగుడ్డ వేయడానికీ, జ్వరకారణాన్ని తొలగించడానికీ ఉన్నంత తేడా ఈ రెంటి మధ్య ఉంది. రెండూ అవసరమే, ఒకటి మరొకటి కాదు.

లెక్క కూడా ఇదే చెబుతుంది. సర్ఫేస్ కోడ్‌లో దూరం 9కి 161 క్యూబిట్లు కావాలి. 156 క్యూబిట్లు దానికి చాలవు. పైగా సర్ఫేస్ కోడ్ పరీక్షలకు సాధారణంగా ఒక్కో క్యూబిట్‌కు నలుగురు పొరుగువారు కావాలి. హెరాన్ అల్లికలో ఏ క్యూబిట్‌కూ ముగ్గురికి మించి పొరుగువారు లేరు. కనుక గూగుల్ యంత్రంపై నేర్చుకున్న నిదానం ఉన్నదున్నట్లుగా ఇక్కడికి రాదు. యంత్రం మారితే దోషం మారుతుంది, దోషం మారితే నిదానం మళ్లీ నేర్వవలసిందే. దీనివల్ల ఆ యంత్రం విలువ తగ్గదు. దాని విలువ ఎక్కడుందో స్పష్టమవుతుంది: అది విద్యార్థులకు, పరిశోధకులకు అభ్యాసస్థలి. దోషరహిత గణనకు సిద్ధమైన సాధనంగా దాన్ని చూపడం సరికాదు.

8. బాసరకు దారి

యంత్రాభ్యసనం చేసేది చికిత్స కాదు, నిదానమే అన్న తీర్పు చూడటానికి దాని స్థాయిని తగ్గించేదిగా కనిపిస్తుంది. ప్రవేశికలో వేసిన ప్రశ్నకు సమాధానం మాత్రం అందులోనే ఉంది. చికిత్సకు రోగి ఎదురుగా ఉండాలి. నిదానాభ్యాసానికి లక్షణాల పట్టిక చాలు. పరమశూన్యానికి చేరువలో పనిచేసే శీతలయంత్రం, శుద్ధమైన చిప్‌ల తయారీశాల బాసరకు గాని, నిర్మల్, ముథోల్, భైంసా కళాశాలలకు గాని అందుబాటులో లేవు. డీకోడర్ పరిశోధనకు అవి అక్కరలేదు. క్రెయిగ్ గిడ్నీ 2021లో వెలువరించిన 'స్టిమ్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సర్ఫేస్ కోడ్ లక్షణాలను సాధారణ కంప్యూటర్‌లోనే లక్షల సంఖ్యలో సృష్టిస్తుంది. జోడింపు పద్ధతికి 'పైమ్యాచింగ్' ఉచితంగా లభిస్తుంది. సికమోర్ ప్రయోగ దత్తాంశాన్ని గూగుల్ బహిరంగంగా ఉంచింది.

కాబట్టి ఎం.టెక్. స్థాయి విద్యార్థి దూరం 3, దూరం 5 కోడ్‌లకు అనుకరణ దత్తాంశం తయారుచేసి, చిన్న న్యూరల్ నెట్‌వర్క్‌కు శిక్షణ ఇచ్చి, జోడింపు పద్ధతితో పోల్చి, నిజమైన దత్తాంశంపై పరీక్షించడం ఒక ప్రాజెక్టు పరిధిలోకి వచ్చే పనే. ఇందులో హద్దును మరుగుపరచరాదు. ఆల్ఫాక్యూబిట్ స్థాయి శిక్షణకు అవసరమైన గణన వనరులు పెద్ద సంస్థలకే ఉన్నాయి. కచ్చితత్వపు పందెంలో చిన్న సంస్థ గెలవలేదు. అయితే పై విమర్శలో తేలిన ప్రశ్నలు ఆ పందెంలో లేనివి. నెట్‌వర్క్ తీర్పు నుంచి సంప్రాప్తిని వెలికితీయడం, యంత్రం స్వభావం మారినప్పుడు అతి తక్కువ దత్తాంశంతో డీకోడర్‌ను సరిచేయడం, ముగ్గురు పొరుగువారున్న అల్లికకు తగిన నిదానాన్ని రూపొందించడం – వీటికి కావలసినది భారీ యంత్రాలకంటే సంభావ్యతాశాస్త్రంలో గట్టి పునాది. సంభావ్యత, రేఖీయ బీజగణితం బోధించే అధ్యాపకులు ఉత్తర తెలంగాణ కళాశాలల్లో ఇప్పటికే ఉన్నారు. మూడు క్యూబిట్ల ఉదాహరణను డిగ్రీ తరగతి గణితపాఠంలో చెప్పడానికి ప్రత్యేక పాఠ్యప్రణాళిక కూడా అవసరం లేదు.

9. ముగింపు

పై పరిశీలనలో తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

1. క్వాంటమ్ దోషసవరణలో యంత్రాభ్యసనం నిర్వహించేది నిదానం. లక్షణాలను సమకూర్చేది కోడ్, వాటి విశ్వసనీయతను నిర్ణయించేది చిప్. ఈ మూడింటి ఘనతను వేరుచేసి చూపని వివరణ అసంపూర్ణం.

2. ఆల్ఫాక్యూబిట్ కచ్చితత్వంలో సాధించిన మెరుగుదల వాస్తవం. దాని విలువ తక్షణ శాతంలో కంటే పెద్ద కోడ్‌లలో అది గుణించుకుపోయే తీరులో ఉంది. అయినా సికమోర్ నుంచి విల్లో వరకు వచ్చిన తేడాలో అధికభాగం చిప్‌దే.

3. నిజకాల వేగం, తీర్పుకు కారణం చూపగలగడం, మారే యంత్రానికి అనుగుణంగా మారడం – ఈ మూడు కొలబద్దలతో కూడా తూచినప్పుడే డీకోడర్ల పోలిక సమగ్రమవుతుంది. మొదటి రెండింటిలో జోడింపు వంటి పద్ధతులు 2024 నాటి న్యూరల్ డీకోడర్ కంటే ముందున్నాయి.

4. తెలుగు నేలపై ప్రకటితమైన క్వాంటమ్ యంత్రం విషయంలో దోష ఉపశమనాన్ని, దోషసవరణను వేరువేరుగా పేర్కొనడం అవసరం. రెంటినీ కలిపి చెప్పడం వల్ల ప్రజల్లో అకాలపు ఆశ, ఆ వెంటనే అకారణ నిరాశ కలుగుతాయి.

5. నిదానం యంత్రసాపేక్షమైన జ్ఞానమే అయినా యంత్రం పక్కనే కూర్చొని చేయవలసిన పని కాదు. అందువల్ల యంత్రం ఉన్న నగరానికీ, లేని పట్టణానికీ మధ్య దూరం ఈ ఒక్క రంగంలో తక్కువ. బాసర వంటి సంస్థలు ఈ అవకాశాన్ని ఇప్పుడు అందుకోకపోతే, తెలుగు ప్రాంతంలోని క్వాంటమ్ యంత్రాల దోషాలను ఇతరులు నేర్పిన డీకోడర్లు నిర్ణయిస్తాయి. ఇక్కడి పట్టభద్రులు ఆ తీర్పులను నమోదు చేసేవారిగా మిగులుతారు.